తలలు లెక్కపెట్టే సరదా

సీజన్ అయిపోగానే ఏదో ఒక దేశం పర్యాటక మంత్రి మైకు ముందుకొచ్చి "ఈసారి రికార్డు బద్దలైంది, ఇన్ని లక్షల మంది వచ్చారు" అని ప్రకటిస్తాడు, మర్నాడు పేపర్లో అది పెద్ద అక్షరాల్లో వస్తుంది, అంతటితో అందరూ సంతోషించి ఊరుకుంటారు. వచ్చారు సరే, వాళ్లు వెళ్లాక ఏం మిగిలింది, ఎవరి చేతిలో మిగిలింది అని ఒక్కరూ అడగరు. ఈ చిరాకు నాకు ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. కొన్నేళ్లు ఒక హోటల్ లెక్కల విభాగంలో పనిచేశాను, అందులో సగానికి పైగా రాత్రి డ్యూటీలే. ఆ పని చేసిన ఎవర్ని అడిగినా చెప్తారు, లాబీ నిండా జనం ఉన్నంత మాత్రాన హోటల్ బాగా నడుస్తున్నట్టు కాదని. గ్రూప్ బుకింగ్‌లో సగం రేటుకి వచ్చిన రెండు బస్సుల జనంతో లాబీ కిక్కిరిసిపోయిన రాత్రే మా షీట్‌లో అంకెలు నీరసంగా ఉండేవి. సగం రూములు ఖాళీగా ఉన్నా, ఉన్నవాళ్లు పూర్తి రేటు కట్టి నాలుగు రాత్రులు ఉంటే మేనేజర్ మొహం వెలిగిపోయేది.

ఒక హోటల్‌కి తెలిసిన ఈ చిన్న విషయం దేశాలకి తెలియదా అంటే, తెలుసు. కానీ తలల లెక్క చెప్పడం తేలిక, వినడానికి బావుంటుంది, పైగా ఎప్పుడూ పెరుగుతూ కనపడుతుంది. 1950లో ప్రపంచం మొత్తం మీద విదేశీ పర్యాటకుల రాకలు సుమారు 2.5 కోట్లు. 2019 నాటికి అవి 146 కోట్లు. కోవిడ్ వచ్చిన 2020లో ఒక్కసారిగా 40 కోట్ల దగ్గరికి పడిపోయి, 2024కల్లా మళ్లీ 140 కోట్లకి చేరాయి. నేను "రాకలు" అంటున్నది ఊరికే కాదు. ఒకే మనిషి ఒకే ట్రిప్పులో ఐదు దేశాలు తిరిగితే ఈ లెక్కలో ఐదుసార్లు పడతాడు. కనీసం ఒక రాత్రి ఉన్నవాడే టూరిస్టు కింద లెక్క, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాడు ఈ అంకెలో ఉండడు. కానీ తొక్కిడి విషయానికొస్తే ఆ పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేవాడే అసలు సమస్య, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంతకీ టూరిజం అనేది ఏ రకం సరుకు? దేశాల లెక్కల పుస్తకాల్లో ఇది ఎగుమతి. విదేశీయుడు వచ్చి ఖర్చు పెట్టే ప్రతి డాలరూ సేవల ఎగుమతి ఖాతాలో పడుతుంది. మామూలు ఎగుమతిలో సరుకు ఓడెక్కి కొనేవాడి దగ్గరికి వెళ్తుంది, ఇక్కడ కొనేవాడే విమానం ఎక్కి సరుకు దగ్గరికి వస్తాడు. ఆ సరుకు ఏమిటంటే అక్కడి సముద్రం, అక్కడి వీధులు, ఎప్పుడో ఎవరో కట్టిపోయిన గోపురాలు. వాటికి ఎవడూ బిల్లు వెయ్యడు. బిల్లు వేసేది వాటి పక్కన ఉన్న రూముకి. అంటే, చూడటానికి వచ్చిందేమో అందరి ఆస్తి, డబ్బు పడేదేమో కొందరి గల్లాపెట్టెలో. టూరిజంలో వచ్చే తగాదాలు ముప్పాతిక వంతు ఇక్కడే పుడతాయి.

ఇంకో తమాషా ఏమిటంటే జీడీపీ పట్టికలో "టూరిజం" అనే వరుస ఉండదు. హోటళ్లు ఒకచోట, రవాణా ఒకచోట, దుకాణాలు ఇంకోచోట ఉంటాయి. ఒకే టాక్సీలో పొద్దున టూరిస్టు ఎక్కుతాడు, మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లే స్థానికుడు ఎక్కుతాడు. ఆ టాక్సీ సంపాదనలో టూరిజం వాటా ఎంతో ఎవరు చెప్పాలి? దీనికోసమే 2000లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం టూరిజం శాటిలైట్ అకౌంట్ అనే పద్ధతిని ఆమోదించింది, అంటే అసలు ఖాతాలకి పక్కన పెట్టుకునే ఒక అనుబంధ ఖాతా. అది సరిగ్గా తయారుచెయ్యాలంటే బోలెడు సర్వేలు కావాలి. చాలా చోట్ల అంత ఓపిక ఉండదు, అందుకని "ప్రపంచ జీడీపీలో పది శాతం టూరిజానిదే" లాంటి మాట పట్టుకుంటారు. 2019కి ప్రపంచ పర్యాటక మండలి చెప్పిన లెక్క అది. తప్పుడు లెక్కేమీ కాదు, కానీ హోటల్‌కి కూరగాయలు అమ్మినవాడి ఆదాయం, హోటల్ ఉద్యోగి జీతంతో ఇంట్లోకి కొన్న టీవీ, అన్నీ కలిపితే వచ్చింది. నేరుగా టూరిజం నుంచి వచ్చేది అందులో మూడో వంతు దగ్గరే. ఉపన్యాసాల్లో ఈ తేడా ఎప్పుడూ జారిపోతుంది.

సరే, నా రాత్రి డ్యూటీకి వస్తాను. రాత్రి పదకొండు దాటాక నైట్ ఆడిట్ మొదలయ్యేది. ఆ రోజు బిల్లులన్నీ సరిచూసి, రోజుని మూసేసి, కంప్యూటర్లో తారీఖు మార్చడం. తారీఖు మార్చే బటన్ నొక్కేముందు స్క్రీన్ మీద ఖాళీ రూముల సంఖ్య కనపడేది. అది చూస్తే నాకు ప్రతిసారీ కడుపులో కాస్త కలుక్కుమనేది, ఎందుకంటే బట్టల కొట్టువాడు ఇవాళ అమ్ముడుపోని చొక్కా రేపు అమ్ముకుంటాడు, నేను ఇవాళ అమ్ముడుపోని రూముని రేపు అమ్మలేను. రేపటి రూము రేపటిదే. ఈ రాత్రిది బటన్ నొక్కగానే ఆవిరి. అందుకే పది గంటలకి ఎవరైనా బ్యాగు వేసుకుని లోపలికి వస్తే రిసెప్షన్లో కుర్రాడు నా వైపు చూసేవాడు, నేను తలాడించేవాణ్ణి, రేటు తగ్గేది. దుప్పట్లు ఉతికిన ఖర్చు, కరెంటు, సబ్బు ముక్క, ఇవి పోను ఏం వచ్చినా లాభమే అన్న లెక్క.

ఈ రంగం నడిచేదంతా ఆ తలాడింపు మీదే. కట్టడానికి, అప్పు తీర్చడానికి అయ్యే ఖర్చు బండరాయిలా కదలకుండా కూర్చుంటుంది, ఒక గెస్టు ఎక్కువొస్తే పెరిగే ఖర్చు మాత్రం చాలా తక్కువ. విమానం సీటుదీ ఇదే కథ. అమెరికాలో 1978లో విమానయానం మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక, ఒకే విమానంలో పక్కపక్క సీట్లకి వేరువేరు రేట్లు పెట్టే లెక్కల్ని అక్కడి ఎయిర్‌లైన్లు పదును పెట్టాయి, హోటళ్లు వాళ్ల దగ్గర నేర్చుకున్నాయి. కంపెనీకి ఇది తెలివే. కానీ ఒక ప్రాంతంలో అవసరానికి మించి హోటళ్లు లేచాయంటే అందరూ ఒకేసారి తలాడించడం మొదలుపెడతారు, రేట్లు పాతాళానికి పోతాయి, తక్కువ ఖర్చు పెట్టే జనం ఎక్కువగా వస్తారు. అప్పుడు మంత్రిగారు చెప్పే తలల లెక్క బ్రహ్మాండంగా ఉంటుంది, హోటళ్లు మాత్రం జీతాలు కోస్తూ, మనుషుల్ని సీజన్ దాకా పెట్టుకుని ఆ తర్వాత పంపించేస్తూ ఉంటాయి. సీజన్ అయిపోయిన వారం స్టాఫ్ రూములో లాకర్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే చూడటం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇప్పుడు డబ్బు ఎటు పోతుందో చూద్దాం. ఎక్కడో దూరదేశం నుంచి ఒక జంట చిన్న ద్వీపానికి సెలవులకి వస్తున్నారనుకోండి. వాళ్ల మొత్తం ఖర్చు వంద అనుకుందాం, ఇది ఊహే, ఎక్కడి లెక్కా కాదు. అందులో పెద్ద ముక్క వాళ్లు ఇల్లు కదలకముందే విమానం టికెట్టుకి పోయింది, ఆ ఎయిర్‌లైన్ ద్వీపానిది కాదు. రూము ఆన్‌లైన్లో బుక్ చేశారు కాబట్టి ఆ సైటు కమిషన్ పట్టుకుంటుంది. మా హోటల్లోనూ ఆ కమిషన్ బిల్లు నెలాఖరున వచ్చేది, ఆ రోజు ఎవరూ సరదాగా ఉండేవారు కాదు. హోటల్ మీద ఉన్నది పేరున్న అంతర్జాతీయ బ్రాండ్ బోర్డు అయితే దానికి ఫీజు, నడిపినందుకు మళ్లీ వేరే ఫీజు. భవనానికి అప్పిచ్చిన బ్యాంకు వేరే దేశంలో ఉంటే వడ్డీ అటు. లిఫ్టు, ఏసీ, వైను, షవరు గొట్టం, అన్నీ ఓడలో దిగినవే. చివరికి ద్వీపంలో నిలిచేది జీతాలు, పన్నులు, కాసిని కూరలు, ఓ పడవ షికారు. దీన్నే అర్థశాస్త్రంలో లీకేజీ అంటారు, కారిపోవడం. ఐక్యరాజ్యసమితి వాణిజ్య విభాగం అంచనాల ప్రకారం చిన్న వర్ధమాన దేశాల్లో ఒక్క దిగుమతుల రూపంలోనే టూరిజం ఆదాయంలో 40 నుంచి 50 శాతం బయటికి కారిపోతుంది, అన్నీ సొంతంగా తయారుచేసుకోగల పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో అది 10 నుంచి 20 శాతమే. ఈ తేడా చూస్తే విషయం తెలిసిపోతుంది. బాగా కారేది వేరే సంపాదన లేని చోటే, అంటే టూరిజం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ దక్కుతుంది.

అయితే లీకేజీ అనే మాటని కొందరు దోపిడీ అన్నట్టు వాడతారు, అది నాకు నచ్చదు. ప్రతి పరిశ్రమా ఏదో ఒకటి దిగుమతి చేసుకుంటుంది, మొబైల్ ఫోను బిగించే ఫ్యాక్టరీలో చిప్పు బయటినుంచే వస్తుంది కదా. విమానం నడిపినవాడికి టికెట్టు డబ్బు వెళ్లడం అన్యాయం కాదు. అడగాల్సింది వేరే. స్థానికులు అమ్మగలిగినవి కూడా వాళ్లని అమ్మనివ్వకుండా ఏర్పాటు ఉందా?

మాల్దీవుల కథలో అది తేటగా కనపడుతుంది. అక్కడ మొదటి రిసార్ట్ కురుంబా 1972లో మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు పద్ధతి ఏమిటంటే ఒక ద్వీపానికి ఒక రిసార్ట్, అదీ జనం నివసించని ద్వీపంలో. టూరిస్టు విమానం దిగి పడవెక్కి నేరుగా ఆ ద్వీపానికి వెళ్లేవాడు, అక్కడే ఉండేవాడు, అక్కణ్ణుంచే తిరిగి వెళ్లేవాడు. దేశానికి డాలర్లు వచ్చాయి, పన్నులు వచ్చాయి, ఒకప్పుడు చేపలు తప్ప వేరే ఆదాయం లేని దేశం దక్షిణాసియాలోకెల్లా తలసరి ఆదాయం ఎక్కువున్న దేశమైంది. ఇది చిన్న విషయం కాదు. కానీ జనం ఉన్న ద్వీపంలో ఓ మామూలు మనిషి నాలుగు గదులు అద్దెకిచ్చి బతకడానికి 2000ల చివరిదాకా దారే లేదు. ఆ నిబంధన మారాక గెస్ట్‌హౌసులు లేచాయి. రిసార్ట్‌లో ఉండే టూరిస్టుతో పోలిస్తే గెస్ట్‌హౌసు టూరిస్టు చాలా తక్కువ ఖర్చు పెడతాడు, కానీ ఆ తక్కువలోంచి పక్క కొట్టువాడికి, పడవ నడిపేవాడికి, వీధి చివర కాఫీ హోటల్‌కి నేరుగా ముడుతుంది. దేశం ఖాతాలో ఏది పెద్దదో, వీధి ఖాతాలో ఏది పెద్దదో ఒకటే సమాధానం రాదు.

రూము, తిండి, తాగుడు అన్నిటికీ ముందే ఒకే రేటు కట్టించుకునే ప్యాకేజీలదీ ఇదే గొడవ. పశ్చిమ ఆఫ్రికాలోని చిన్న దేశం గాంబియా 1999లో ఈ ప్యాకేజీల్ని ఏకంగా నిషేధించింది, టూరిస్టులు హోటల్ గేటు దాటి బయట తినాలి, బయట కొనాలి అని. విదేశీ టూర్ ఆపరేటర్లు ఒప్పుకోలేదు, నిషేధం ఏడాది కాస్త దాటేసరికి వెనక్కి పోయింది. ఉద్దేశం మంచిదే, కానీ కస్టమర్ని తీసుకొచ్చేవాడి చేతిలో జుట్టు పెట్టి బేరమాడితే ఎవరు నెగ్గుతారో చెప్పక్కర్లేదు.

టూరిజాన్ని తిట్టడానికే కూర్చున్నానని అనుకునేరు. కాదు. మెక్సికో కాంకూన్ సంగతి చూడండి. 1970 దాకా అక్కడ ఇసుక, అడవి, కొద్దిమంది జాలర్లు తప్ప ఏమీ లేదు. ప్రభుత్వం, కేంద్ర బ్యాంకు కూర్చుని లెక్కలేసి ఆ చోటుని ఎంపిక చేసి రోడ్డు, నీళ్లు, విమానాశ్రయం వేశాయి, 1974లో మొదటి హోటళ్లు తెరుచుకున్నాయి, ఇప్పుడది పెద్ద నగరం. బెంజమిన్ ఫాబర్, సెసిల్ గోబెర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మెక్సికో తీరం మొత్తాన్ని తీసుకుని, ఎక్కడ తెల్లటి ఇసుక బీచ్ ఉందో ఉపగ్రహ చిత్రాల్లో కొలిచి, ఆ ఊళ్లు మిగతా ఊళ్ల కంటే ఎలా ఉన్నాయో పరీక్షించారు. ఇసుక రంగుని ఏ ప్రభుత్వమూ ముందే నిర్ణయించలేదు కాబట్టి పోలికకి అది బాగా పనికొచ్చింది, ఆ ఉపాయం చదివినప్పుడు భలే అనిపించింది. తేలిందేమిటంటే మంచి బీచ్ ఉన్న చోట ఉద్యోగాలు, జనాభా, ఉత్పత్తి అన్నీ ఎక్కువే, అంతేకాదు అక్కడ ఫ్యాక్టరీలు కూడా బాగుపడ్డాయి. రోడ్డు టూరిస్టు కోసం వేసినా దాని మీద లారీ కూడా నడుస్తుంది కదా. అయితే ఇంకో సంగతి కూడా తేలింది, అక్కడ ఫ్యాక్టరీలకి అలా కలిసొచ్చిన లాభంలో చాలా భాగం దేశంలో మిగతా చోట్ల తగ్గినదానితో సరిపోయింది. దేశం మొత్తానికి చివర్లో లాభమే మిగిలింది గానీ బీచ్ ఊళ్లో నిలబడి చూసినంత పెద్దది కాదు.

ఒకళ్ల ఖర్చు ఇంకొకళ్ల ఆదాయమై, అది మళ్లీ ఖర్చై చేతులు మారుతూ పోవడాన్ని గుణకం అంటారు, మల్టిప్లయర్. మా హోటల్ దుప్పట్లు ఉతికే ఆయన్ని చూసే నాకది అర్థమైంది. మాకు సొంత లాండ్రీ ఉండేది కాదు. ఆయన మొదట్లో ఒక్కడే వ్యానులో వచ్చి మూటలు లెక్కపెట్టుకుని పట్టుకెళ్లేవాడు, మరకలు పడినవాటిని వేరే తీసి నాకు చూపించి సంతకం పెట్టించుకునేవాడు. రెండేళ్లలో రెండు మిషన్లు కొన్నాడు, నలుగురిని పెట్టుకున్నాడు. తర్వాత కొత్త యాజమాన్యం వచ్చి లాండ్రీ పనులన్నీ ఒక పెద్ద కంపెనీకి, అన్ని శాఖలకీ కలిపి ఇచ్చేసింది. మా షీట్‌లో లాండ్రీ ఖర్చు తగ్గింది, నేనే ఆ అంకె టైప్ చేశాను. రూములు అన్నే నిండాయి, గెస్టులు అంతమందే వచ్చారు. ఆయన వ్యాను మాత్రం మళ్లీ రాలేదు. తలల లెక్కలో ఈ తేడా ఏ మూలా కనపడదు.

ఇక ధరల సంగతి. టూరిస్టు జేబుకీ అక్కడ బతికేవాడి జేబుకీ పొంతన ఉండదు, ఇద్దరూ ఒకే ఇంటి కోసం పోటీ పడితే ఎవరు ఓడిపోతారో తెలిసిందే. బార్సిలోనాలో 2024లో జనం టూరిస్టుల మీద వాటర్ గన్‌లతో నీళ్లు చిమ్మారు, ప్రపంచమంతా నవ్వుకుంటూ ఆ వీడియోలు చూసింది. దాని వెనక ఉన్నది మాత్రం అద్దె. రోజుల లెక్కన టూరిస్టులకి ఇచ్చే ఇళ్ల ప్రభావం మీద అక్కడ జరిగిన పరిశోధనలో నగరం సగటున అద్దెలు 2 శాతం దాకానే పెరిగాయని తేలింది, ఇంతేనా అనిపిస్తుంది. కానీ అలాంటి ఇళ్లు ఎక్కువగా ఉన్న పేటల్లో అది 7 శాతం. సగటులో ఇలాంటివి భలే దాక్కుంటాయి. మేయర్ జౌమె కొల్బోని 2028 నవంబరుకల్లా ఈ టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులన్నీ, సుమారు పదివేలు, పోతాయని ప్రకటించాడు. దాంతో అద్దెలు అమాంతం దిగిపోతాయని నేను నమ్మను, ఇళ్లు తక్కువ కట్టడం అనే పాత జబ్బు అలాగే ఉంది. కానీ సొంత ఇల్లున్నవాడికి ఇదే టూరిజం లాటరీ, అద్దెకుండేవాడికి ఇదే టూరిజం నోటీసు. ఒకే వీధిలో ఇద్దరూ ఉంటారు, అందుకే "ఇక్కడివాళ్లకి టూరిజం లాభమా నష్టమా" అనే ప్రశ్నకి నేను జవాబు చెప్పను. ఏ అంతస్తులో, ఎవరి పేరు మీద ఉన్న ఇల్లో చెప్తే అప్పుడు చూద్దాం.

ధరల జబ్బు దేశమంతటికీ పట్టొచ్చు. ఐస్‌లాండ్ 2008లో బ్యాంకులు కుప్పకూలి, కరెన్సీ క్రోనా విలువ యూరోతో పోలిస్తే సగానికి పడిపోయి దివాలా అంచున ఉంది. అంత ఖరీదైన దేశం ఒక్కసారి చవకైపోయింది. 2010లో అగ్నిపర్వతం పేలి యూరప్ విమానాలు ఆగిపోతే, పైసా ఖర్చు లేకుండా దేశం పేరు ప్రతి టీవీలో మోగింది. 2010లో 5 లక్షల లోపున్న రాకలు 2018లో 23 లక్షలు దాటాయి, అక్కడి జనాభా మూడున్నర లక్షలు. టూరిజం చేపల్ని దాటి అతిపెద్ద ఎగుమతి అయింది. దేశం గట్టెక్కడానికి ఇది నిజంగా ఆసరా అయింది, కాదనలేం. కానీ వచ్చే విదేశీ డబ్బుతో క్రోనా బలపడింది, బలపడేసరికి చేపలు అమ్మేవాళ్లకి చేతికొచ్చే క్రోనాలు తగ్గాయి, పనివాళ్లు హోటళ్లవైపు పోయారు. డచ్ వ్యాధి అంటారు దీన్ని. నెదర్లాండ్స్‌లో గ్యాస్ దొరికాక మిగతా పరిశ్రమలు నీరసించడం చూసి పెట్టిన పేరు. గ్యాస్ అయినా టూరిస్టయినా, ఒక్క రంగం డబ్బు కుమ్మరిస్తుంటే పక్క రంగాలు ఎండిపోతాయి. 2019 మార్చిలో వావ్ ఎయిర్ అనే చవక ఎయిర్‌లైన్ ఒక్కటి మూతపడితే ఆ ఏడాది ఐస్‌లాండ్‌కి వచ్చే జనమే తగ్గిపోయారు. ఒక కంపెనీ మూత ఒక దేశం ఎగుమతిని కుదిపేసింది.

ఒంటికాలి మీద నిలబడటం ఎంత ప్రమాదమో శ్రీలంకని అడగాలి. 2018లో 23 లక్షల మంది వచ్చారు, సుమారు 440 కోట్ల డాలర్లు వచ్చాయి. 2019 ఈస్టర్ రోజు బాంబు దాడులు, మరుసటి ఏడు కోవిడ్, 2021లో వచ్చినవాళ్లు 2 లక్షలు కూడా లేరు. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించింది. పన్నుల కోత, పాత అప్పులు, రసాయన ఎరువుల నిషేధం, తప్పులు చాలానే ఉన్నాయి, అంతా టూరిజం మీద తోసెయ్యడం అన్యాయం. కానీ ఇంధనం కొనడానికి కావాల్సిన డాలర్లు తెచ్చే పెద్ద కుళాయిల్లో ఒకటి కట్టేసినట్టయింది. టూరిస్టుకి భయం వేస్తే ఆ క్షణంలోనే టికెట్టు రద్దు చేసుకుంటాడు, వేరే బీచ్ చూసుకుంటాడు. వెళ్లి తీరాలన్న అవసరం ఎవరికీ ఉండదు, ఈ సరుకులో ఉన్న అసలు బలహీనత అదే. థాయిలాండ్‌కి 2019లో దాదాపు 4 కోట్ల మంది వచ్చారు, 2021లో 4 లక్షల చిల్లర. కోట్లు కాదు, లక్షలే.

మరి తలలు లెక్కపెట్టని వాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే ఉన్నారు. భూటాన్ 1974లో తలుపులు తెరిచినప్పటినుంచీ తక్కువ మంది, ఎక్కువ డబ్బు అనే దారినే పోయింది. 2022లో రోజుకి తలా 200 డాలర్ల రుసుము పెట్టింది, అనుకున్నంత జనం రాక 2023లో దాన్ని 100కి తగ్గించింది. అంటే ఖరీదు పెట్టడం కూడా తేలిక కాదు, ఎక్కడ ఆపాలో తడుముకోవాల్సిందే. నాకు ఇంతకంటే నచ్చింది రువాండా. అక్కడ కొండ గొరిల్లాల్ని చూడటానికి పర్మిట్ 750 డాలర్లుండేది, 2017లో ఒక్కసారిగా 1500 చేశారు. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకి ఎనిమిది మంది, గంటసేపు, అంతే. ఆ గంట అయిపోతే వెనక్కి రావాల్సిందే, మీరు ఎంత పెద్ద మనిషైనా సరే. పార్కుల ఆదాయంలో 10 శాతం చుట్టుపక్కల ఊళ్లకి పంచుతారు, బళ్లు, నీళ్లు, రోడ్లు. పొలం మీద గొరిల్లా పడి పంట పాడుచేసినప్పుడు ఆ రైతు దాన్ని తరిమికొట్టకుండా ఓర్చుకోవడానికి ఒక కారణం ఉండాలి కదా, ఆ కారణాన్ని లెక్కలో రాశారు. అయితే ఇది గొరిల్లాలున్నచోటే చెల్లుతుంది. ఇసుక ఉన్న దేశాలు వంద ఉన్నాయి, మీరు రేటు పెంచితే పక్కవాడు తగ్గిస్తాడు.

కొన్నిసార్లు తలుపు మూసెయ్యడమే చవక. థాయిలాండ్ మాయా బే అనే చిన్న బీచ్‌కి రోజుకి ఐదువేల మంది దాకా వచ్చేవాళ్లు, పడవల లంగర్లకి పగడాలు నుజ్జయ్యాయి. 2018 జూన్‌లో మూసేశారు, 2022 జనవరిలో గానీ తెరవలేదు. ఆ మధ్యలో నల్ల రెక్కల చిన్న సొరచేపలు తిరిగొచ్చాయి. ఇప్పుడు పడవలు బే లోపలికి రానివ్వరు, వెనకవైపు ఆపి నడిచి రావాలి. ఏటా వర్షాకాలంలో కొన్నాళ్లు మూత. సెలవు లేకుండా నడిచే ఏ మిషనైనా పాడవుతుంది, బీచ్ కూడా అంతే అని వాళ్లకి ఆలస్యంగా తట్టింది.

పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడి సంగతి చెప్తానన్నాను కదా, వాడికి రాజధాని వెనిస్. హోటల్లో దిగినవాడు రూముతో పాటు పన్ను కడతాడు, రాత్రి భోంచేస్తాడు, పొద్దున ఇంకోటి కొంటాడు. ఓడలోంచో రైల్లోంచో దిగి నాలుగు గంటలు తిరిగి, ఫొటోలు తీసుకుని, తెచ్చుకున్న నీళ్లే తాగి వెళ్లిపోయేవాడు మిగిల్చేది చెత్తబుట్ట బరువు. 2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ రోజుల్లో ఇలా వచ్చేవాళ్లకి 5 యూరోల ప్రవేశ రుసుము పెట్టారు, ఆ ఏడు 29 రోజులు వసూలు చేశారు, 24 లక్షల యూరోలు వచ్చాయి. జనం మాత్రం పెద్దగా తగ్గలేదు. అంత దూరం వచ్చినవాడు 5 యూరోల కోసం వెనక్కి తిరుగుతాడా? పైగా ఊరు మొత్తానికి గేటు, టికెట్టు పెట్టినట్టయిందని అక్కడివాళ్లే గొడవ చేశారు.

ఆ ఊళ్లోనే, రియాల్టో వంతెన దగ్గర్లో ఒక మందుల షాపు ఉంది. 2008లో కొందరు వెనిస్‌వాళ్లు కలిసి దాని అద్దాల కిటికీలో ఒక చిన్న డిజిటల్ బోర్డు పెట్టారు. అందులో కనపడేది టూరిస్టుల సంఖ్య కాదు, పాత నగరంలో ఇంకా మిగిలిన నివాసుల సంఖ్య. 1950ల మొదట్లో లక్షా డెబ్భైవేల పైన ఉన్నది 2022లో 50 వేల కిందకి దిగింది. 2023లో ఇంకొందరు ఒక పుస్తకాల షాపు కిటికీలో రెండో బోర్డు పెట్టారు, అది నగరంలో టూరిస్టుల కోసం ఉన్న మంచాల లెక్క. ఆ ఏడాదే మంచాలు నివాసుల్ని దాటాయి.